లడ్డూ మామయ్యగారి పేపరు మీదే ఎందుకు పోస్తున్నాడు?

పెంపుడు జంతువులపై పాఠకుల ప్రశ్నలు, పశువైద్యురాలి జవాబులు

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మేం కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాం. మూడు వారాల క్రితం మగ షిట్జు జాతి కుక్కపిల్లను తెచ్చుకున్నాం. పేరు లడ్డూ. ఇప్పుడు వాడికి రెండున్నర నెలలు, ఒక టీకా అయింది. మొదట్లో హాల్లో పేపర్లు పరిచి వాటి మీద మూత్రం పోయడం అలవాటు చేశాం. నేర్చుకున్నాడు కూడా. కానీ మా మామయ్యగారు పొద్దున్నే పేపరు సగం చదివి కుర్చీ పక్కన కింద పెడతారు. వీడు వెళ్లి దాని మీద పోసేస్తాడు. అది కాకపోతే గుమ్మం దగ్గర డోర్‌మ్యాట్, లేదంటే పడగ్గదిలో కార్పెట్. బాల్కనీలో పావుగంట నిలబెట్టినా ఏమీ చేయడు, లోపలికి తేగానే పోస్తాడు. మావారు విసిగిపోయి రెండుసార్లు వాడి ముక్కు పట్టుకుని అందులో రాశారు. అప్పట్నుంచి సోఫా వెనక్కి వెళ్లి పోస్తున్నాడు. రోజూ ఫినాయిల్‌తో తుడుస్తున్నా మళ్లీ అక్కడికే వెళ్తాడు. పూజగదిలోకి వెళ్తాడేమోనని అత్తయ్యగారికి ఒకటే టెన్షన్. రాత్రిపూట తిండీ నీళ్లూ ఆపేస్తే సరిపోతుందని ఆవిడ అంటున్నారు. చిన్న జాతి కుక్కలకు ఈ అలవాటు ఎప్పటికీ రాదని పక్క ఫ్లాట్ వాళ్లు చెబుతున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: లడ్డూ మాట విననివాడు కాదమ్మా. పేపరు మీద పోయమని మీరు నేర్పారు, వాడు అదే చేస్తున్నాడు. ఏది పాత పేపరో, ఏది మామయ్యగారు ఇంకా చదవాల్సిన పేపరో వాడికి ఎలా తెలుస్తుంది? కుక్కపిల్లలు చోటుతో పాటు కాళ్ల కింద ఏం తగులుతోందో కూడా గుర్తుపెట్టుకుంటాయి. రెండు నెలల వయసు అటూ ఇటూగా దేని మీద పోయడం అలవాటైతే తర్వాత కూడా అలాంటిదాని కోసమే వెతుకుతాయి. టైల్స్ మీద పోస్తే చింది కాళ్లు తడుస్తాయి. అందుకని పీల్చుకునేది ఏదైనా వాటికి నచ్చుతుంది. పేపరు, డోర్‌మ్యాట్, కార్పెట్ మూడూ వాడికి ఒకటే. పేపరు కింద పెట్టే అలవాటున్న పెద్దవాళ్ల ఇంట్లో పేపరు ట్రైనింగ్ కలిసిరాదు. మామయ్యగారి అలవాటు మార్చడం కంటే లడ్డూ అలవాటు మార్చడం తేలిక.

చిన్న జాతులకు రాదన్న మాట నేను ఒప్పుకోను. షిట్జు, పగ్, చివావా, లాసా ఆప్సో, డాష్‌హండ్ అన్నీ నేర్చుకుంటాయి. కాకపోతే కాస్త టైమ్ పడుతుంది, దానికి కారణాలున్నాయి. వాటి మూత్రసంచి చిన్నది, త్వరగా నిండుతుంది. ల్యాబ్రడార్ పిల్ల పోస్తే ఇల్లంతా తెలుస్తుంది. షిట్జు పిల్ల పోసేది చెంచాడు. మ్యాట్ మీద పడితే పది నిమిషాల్లో ఇంకిపోతుంది, మన కంటపడదు. మన కంటపడనివన్నీ వాడికి ‘ఇక్కడ పోయొచ్చు’ అన్న పాఠాలే. ఇంకోటి, చిన్నపిల్ల కదా అని అందరూ చంకనెత్తుకుని తిప్పుతారు. దాంతో తన కాళ్ల మీద తాను నడిచి ఆ చోటుకి వెళ్లడం వాడికి రాదు.

అసలు కారణం మాత్రం మీ ఇల్లు వాడికి మరీ పెద్దది కావడం. పడుకునే చోటును, తినే చోటును పాడుచేసుకోకూడదన్న బుద్ధి కుక్కపిల్లకు పుట్టుకతోనే ఉంటుంది. మొదటి మూడు వారాలు తల్లే నాకి శుభ్రం చేస్తుంది. ఆ తర్వాత కాళ్లు రాగానే పిల్లలు పక్క వదిలి కొంచెం దూరం పాక్కుంటూ పోయి పోసి వస్తాయి. లడ్డూ ఇప్పుడు చేస్తున్నదీ అదే. హాల్లో వాడి పక్క ఉంది. అక్కడి నుంచి పడగ్గది కార్పెట్ వాడి అడుగుల్లో చాలా దూరం. ఇల్లు దాటి వచ్చేశాననే అనుకుంటాడు.

కాబట్టి ముందు ఇల్లు చిన్నది చేయండి. మడతపెట్టే ఇనప కంచె పెంపుడు జంతువుల షాపుల్లో దొరుకుతుంది, ప్లేపెన్ అని అడగండి. నాలుగడుగుల చదరం చాలు. వాష్ ఏరియాకి దగ్గరగా, మనుషులు కనిపించేలా పెట్టండి. లోపల పక్క, నీళ్ల గిన్నె, రెండు బొమ్మలు. ఎవరో ఒకరి కళ్లు వాడి మీద ఉన్నంతసేపే బయట తిరగాలి. పోపు పెడుతున్నా, మీటింగ్‌లో ఉన్నా, అత్తయ్యగారు సీరియల్ చూస్తున్నా కంచెలోనే ఉండాలి. అది శిక్ష కాదు, తిట్టి లోపల పెట్టకండి. ఏదైనా తినిపించి పెట్టండి. డోర్‌మ్యాట్లు, కార్పెట్ అలవాటు కుదిరేదాకా చుట్టి అటక మీద పెట్టేయండి. పడగ్గది తలుపు పగలంతా మూసే ఉంచండి. పూజగదికి కూడా అంతే, తలుపు లేకపోతే పసిపిల్లలున్న ఇళ్లలో మెట్ల దగ్గర పెట్టే అడ్డుగేటు పెట్టండి. అత్తయ్యగారి బాధ న్యాయమైనదే. ఆవిడ గడప దగ్గర నిశ్చింతగా ముగ్గు వేసుకోగలిగితేనే ఆ ఇంట్లో కుక్కపిల్లకూ మర్యాద దక్కుతుంది.

చోటు ఎక్కడంటారా, వాష్ ఏరియా మంచిది. నీళ్లు పోయే తూము ఉంటుంది కాబట్టి కడగడం సులభం. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పున్న ప్లాస్టిక్ ట్రే తీసుకోండి. అంచు రెండంగుళాలకు మించకూడదు, వాడి పొట్టికాళ్లు ఎక్కాలి కదా. నర్సరీల్లో చదరపు అడుగుల లెక్కన అమ్మే లాన్ గడ్డి పలక తెచ్చి అందులో పరవండి. గడ్డి మీద అలవాటైతే రేపు టీకాలన్నీ అయ్యాక కిందికి తీసుకెళ్లినప్పుడు పచ్చిక చూడగానే వాడికే అర్థమవుతుంది. గడ్డి పసుపెక్కి వాసన వచ్చేసరికి పలక మార్చేయండి. మార్చేటప్పుడు పాతదాంట్లోంచి చిన్న ముక్క కొత్తదాని మూలలో ఉంచితే వాసన పట్టి అక్కడికే వెళ్తాడు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. ట్రేని వాషింగ్ మెషీన్ పక్కన పెట్టకండి. వాడు కాలు వంచిన సమయానికే మెషీన్ స్పిన్ మొదలై గడగడలాడిందంటే మళ్లీ ఆ వైపు రాడు. ఇలా బెదిరిపోయిన పిల్లల్ని నా క్లినిక్‌లో చాలా చూశాను. ట్రేని ఎదురుమూలకు జరిపాక అవే మామూలుగా వెళ్లాయి. రెండోది, గ్రిల్ ఊచల మధ్య సందు కొలవండి. కిలోన్నర పిల్ల తల దూరేంత సందుంటే ఒళ్లూ దూరుతుంది. మూడో అంతస్తు. కింది నుంచి రెండడుగుల ఎత్తు దాకా మెష్ కట్టించాకే వాడిని అక్కడ వదలండి.

ఎప్పుడు తీసుకెళ్లాలో వాడి ఒళ్లే చెబుతుంది. నిద్ర లేవగానే వెంటనే. నీళ్లు తాగాక, ఆట ఊపులో ఉన్నప్పుడు మధ్యలో ఆపి ఒకసారి. తిన్నాక ఐదు నుంచి ముప్పై నిమిషాల్లోపు దొడ్డికి వెళ్తాడు, ఎందుకంటే పొట్టలోకి తిండి పడగానే పేగులు కదలడం మొదలుపెడతాయి. మెలకువగా తిరుగుతున్నంతసేపు అరగంటకో ముప్పావుగంటకో ఒకసారి తప్పదు. నిద్రలో రెండు మూడు గంటలు ఆపుకోగలడు. వంటింటి గోడమీది క్యాలెండర్‌లో ఒక వారం పాటు వాడు ఎప్పుడు తిన్నాడో, ఎప్పుడు పోశాడో టైమ్ రాయండి. నాలుగో రోజుకల్లా మీకే ఒక లెక్క కనిపిస్తుంది. ఆడుతున్నవాడు ఉన్నట్టుండి ఆట వదిలేసి, ముక్కు నేలకానించి గబగబా వాసన చూస్తూ గుండ్రంగా తిరిగాడంటే ఇంక మీకున్నది పది సెకన్లే.

ట్రే దాకా వాడినే నడిపించండి, ఎత్తుకెళ్లకండి. అక్కడ మీరు కదలకుండా, ఫోన్ చూడకుండా నిలబడాలి. పసిపిల్లల్ని కాళ్ల మీద కూర్చోబెట్టుకుని మనవాళ్లు ‘స్స్‌స్స్’ అంటారే, అదే శబ్దం వాడికీ పనిచేస్తుంది. ఇంట్లో అందరూ అదొక్కటే వాడాలి. ఒకరు సుస్సూ, ఇంకొకరు పాస్, పిల్లలు ఇంకోటి అంటే వాడికి ఏదీ ఎక్కదు. పోయడం పూర్తయ్యేదాకా నోరు మెదపకండి, మధ్యలో ‘గుడ్ బాయ్’ అని అరిస్తే సగంలో ఆపేసి మీ దగ్గరికి పరుగెత్తుకొస్తాడు. మిగతా సగం హాల్లో పోస్తాడు. పూర్తికాగానే, వాడు ఇంకా గడ్డి మీద ఉండగానే, కందిపప్పు బద్దంత ఉడికించిన చికెన్ ముక్క నోట్లో పెట్టండి. మీరు శాకాహారులైతే పనీర్, క్యారెట్ కూడా ఇష్టంగా తింటాడు. వంటింట్లోకి వచ్చాక ఇస్తే అది వంటింట్లోకి వచ్చినందుకు ఇచ్చినట్టవుతుంది. ఇచ్చాక అక్కడే రెండు నిమిషాలు ఆడండి. పోయగానే లోపలికి తెచ్చేస్తే, పోస్తే ఆట అయిపోతుందని లెక్కేసుకుని ఆపుకుంటాడు.

సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నా, ప్రసాదంలోని కిస్‌మిస్‌లు మాత్రం ఒక్కటి కూడా పెట్టకండి. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయి. చిన్న పిల్లకు కొంచెమైనా ప్రమాదమే.

ఐదు నిమిషాల్లో పోయకపోతే లోపలికి తీసుకురండి, కానీ వదలకండి. ఒళ్లో పెట్టుకోండి, లేదా కంచెలో పెట్టండి. పది నిమిషాలాగి మళ్లీ తీసుకెళ్లండి. మీరిప్పుడు పావుగంట నిలబెట్టి, లోపలికి తెచ్చి ఇల్లంతా వదిలేస్తున్నారు. అందుకే లోపలే పోస్తున్నాడు.

అయితే బాల్కనీలో పోయకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టిన విషయం అదే. ముక్కు పట్టి రాసినప్పుడు వాడు నేర్చుకున్నది ‘ఇంట్లో పోయకూడదు’ అని కాదమ్మా. ‘మనుషుల ముందు పోస్తే ప్రమాదం’ అని. సోఫా వెనక దాక్కోవడం, మీరు పక్కన నిలబడితే బాల్కనీలో బిగుసుకుపోవడం, ఈ రెండూ ఒకే భయం. మీవారికి ఈ జవాబు చదివి వినిపించండి. తప్పు చేసినట్టు మొహం పెడతాడు, కాబట్టి వాడికి తెలుసు అని చాలామంది నాతో వాదిస్తారు. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే శాస్త్రవేత్త దీన్నే పరీక్షించి 2009లో ప్రచురించారు. కుక్క నిజంగా తప్పు చేసిందా లేదా అన్నదానితో ఆ మొహానికి సంబంధం లేదని, యజమాని తిట్టినప్పుడే అలా చెవులు వాల్చి చూపు తిప్పుకుంటోందని తేలింది. అది మన కోపాన్ని చూసి వచ్చే బెదురు. ఎప్పుడో పోసినదానికి ఇప్పుడు కొడితే, ఇప్పుడేం చేస్తున్నాడో దానికే ఆ దెబ్బను జోడించుకుంటాడు.

ఇది బాగుచేసే పని మీవారికే అప్పగించండి. వారం పది రోజులు పొద్దున మొదటిసారి ట్రే దగ్గరికి ఆయనే తీసుకెళ్లాలి. మొదట్లో మూడు నాలుగడుగుల దూరంలో, పక్కకు తిరిగి నిలబడాలి. వాడి కళ్లలోకి చూడకూడదు. పోశాక చికెన్ ముక్క ఆయన చేత్తోనే పెట్టాలి. లోపల పోస్తూ కనిపిస్తే చిన్నగా చప్పట్లు కొట్టి, ఎత్తి, ట్రే మీద దించండి. ఎత్తుకోవడం ఆ ఒక్కసారికే. మిగిలింది అక్కడ పోస్తే మెచ్చుకోండి. పోసేశాక చూస్తే మాత్రం ఒక్క మాట అనకుండా తుడవండి.

తుడవడం దగ్గరికొస్తే, ఫినాయిల్ మన ముక్కుకు వాసన కప్పుతుంది, వాడి ముక్కుకు కాదు. పైగా తడి ఆరకముందే నడిచి కాళ్లు నాకితే వాడికి హాని. అమోనియా కలిసినవి అసలే వద్దు, అందులో మూత్రం వాసనే ఉంటుంది. ముందు టిష్యూతో అద్ది పీల్చేయండి, రుద్దితే పాకుతుంది. తర్వాత పెంపుడు జంతువుల కోసం అమ్మే ఎంజైమ్ క్లీనర్ పోసి పదిహేను నిమిషాలు అలా వదిలేయండి. మూత్రంలోని పదార్థాల్ని విడగొట్టడానికి దానికి ఆ టైమ్ కావాలి. మామూలు టైల్స్ అయితే వెనిగర్, నీళ్లు సమంగా కలిపి తుడిచినా ఫర్వాలేదు. మార్బుల్, తాండూరు బండల మీద వెనిగర్ వాడకండి, సున్నపురాయి కాబట్టి మెరుపు పోతుంది. సోఫా వెనక గోడ అంచు మర్చిపోవద్దు.

రాత్రి తిండి మానేయమన్న సలహా మాత్రం దయచేసి పాటించకండి. అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి. ఇంత చిన్న పిల్లల ఒంట్లో నిల్వ తక్కువ. ఒక పూట తిండి తప్పితే చక్కెర పడిపోయి తూలుతూ, వణుకుతూ పడిపోవచ్చు. అలా కనిపిస్తే చిగుళ్లకు తేనె గానీ పంచదార నీళ్లు గానీ రాసి వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. ఈ వయసులో రోజుకు నాలుగుసార్లు, వేళ తప్పకుండా పెట్టండి. తిండికి వేళ ఉంటేనే దొడ్డికీ వేళ ఉంటుంది. చివరిది ఎనిమిదింటికి పెట్టి, పడుకునే ముందు ట్రే దగ్గరికి తీసుకెళ్లండి. నీళ్లు పగలంతా అందుబాటులో ఉండాలి. రాత్రి వాడిని మీ మంచం పక్కనే చిన్న పెట్టెలో పడుకోబెట్టండి. లేచి తిరగగలిగేంత ఉంటే చాలు. రెండు మూడింటికి కదిలి మూలుగుతాడు. లైట్లు వేయకుండా, ఆడించకుండా ట్రే మీదికి తీసుకెళ్లి తెచ్చేయండి. ఇంకో నెలన్నరకు ఆ లేవడం తగ్గుతుంది.

షిట్జు కాబట్టి ఇంకో మాట. పొట్ట కింద, తోక కింద వెంట్రుకలు పొట్టిగా కత్తిరించి ఉంచండి. మగపిల్లలకు పొట్ట కింది వెంట్రుకలు తడిసి, ఎక్కడ పడుకుంటే అక్కడికి ఆ వాసన అంటుతుంది. తోక కింద మలం ఎండి అట్టకడితే దొడ్డికి వెళ్లినప్పుడల్లా లాగి నొప్పి పుడుతుంది. ఆ నొప్పి ట్రే వల్లే వచ్చిందనుకుని ట్రే ఎక్కడం మానేస్తాడు.

టీకాలు మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాల వయసు దాకా పూర్తి చేయండి. మూడు నెలలకు రేబిస్ టీకా. టీకాలన్నీ పూర్తయ్యేదాకా వీధి కుక్కలు తిరిగే నేల మీద దించకండి. కుక్కపిల్లలకు ప్రాణాంతకమైన వాంతులు, విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. ఎత్తుకుని రోడ్డు మీద ఆటోలు, మనుషులు, సందడి చూపించండి. అది వాడికి అవసరం.

ఎన్నాళ్లు పడుతుందంటే, చెప్పినట్టు చేస్తే రెండు మూడు వారాల్లో తేడా కనిపిస్తుంది. పూర్తిగా నమ్మి ఇల్లంతా వదలడానికి ఆరు నెలల వయసు దాటాలి, కొన్నింటికి ఏడాది పడుతుంది. ఒక్కో గది చొప్పున, రెండు వారాలకొకటి తెరవండి. కార్పెట్ అన్నిటికన్నా ఆఖరున.

ప్రశ్న: మా ఐదు నెలల పొమేరియన్ స్నోయీ బాల్కనీలోనే పోస్తుంది. కానీ నాన్నగారు డ్యూటీ నుంచి వచ్చి నిమరబోతే చాలు, వెల్లకిలా పడి అక్కడే పోసేస్తుంది. ఎంత తిట్టినా మానట్లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తిట్టడం ఆపడమే మందు. ఇది అలవాటు లోపం కాదు. ‘నువ్వు పెద్దవాడివి, నన్నేం చేయకు’ అని కుక్కలు చెప్పుకునే తీరు ఇదే. దాని చేతిలో ఉన్న పని కాదు. తిట్టే కొద్దీ ఇంకా పోస్తుంది. నాన్నగారు వచ్చాక ఐదు నిమిషాలు దాన్ని చూడకుండా, పలకరించకుండా కూర్చోమనండి. అది తనంతట తాను దగ్గరికొచ్చాక, మీద వంగకుండా, తల మీద చెయ్యి వేయకుండా, గడ్డం కిందో ఛాతీ మీదో నిమరాలి. కుదిరితే ఆ పలకరింపు బాల్కనీలోనే పెట్టుకోండి. చాలా పిల్లలకు ఏడాది వచ్చేసరికి ఇది పోతుంది. మన దగ్గర పొమేరియన్ అని పిలిచే తెల్ల కుక్కల్లో ఎక్కువ భాగం ఇండియన్ స్పిట్జ్‌లే. స్నోయీ నాలుగైదు కిలోలు దాటితే అదే అయ్యుంటుంది. సలహాలో మాత్రం తేడా ఏమీ లేదు.

ప్రశ్న: మా పగ్‌కి టీకాలన్నీ అయ్యాయి. కిందికి తీసుకెళ్దామంటే లిఫ్టులో కుక్కలు ఎక్కకూడదని అసోసియేషన్ వాళ్లు నోటీసు పెట్టారు.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెంపుడు కుక్కల్ని లిఫ్టులో ఎక్కించొద్దనడానికి అసోసియేషన్‌కు అధికారం లేదు. ఆ కాపీ ప్రింట్ తీసి మర్యాదగా ఇవ్వండి. మీవైపు నుంచి కూడా లిఫ్టులో ఎత్తుకునే ఉండండి, పొద్దున లేచిన ఆ మొదటిసారి మరీ ముఖ్యం. కింద దొడ్డికి వెళ్తే తీయడానికి కవరు, పేపరు ఎప్పుడూ చేతిలో ఉండాలి.

ప్రశ్న: నాలుగు నెలల ఆడ డాష్‌హండ్. పగలు బయటికి తీసుకెళ్తే చక్కగా పోస్తుంది. కానీ పడుకున్న చోటల్లా తడిగా ఉంటోంది. ఎప్పుడూ నాక్కుంటూ ఉంటుంది. ఇంకా గట్టిగా ట్రైనింగ్ ఇవ్వాలా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ట్రైనింగ్ పక్కన పెట్టి ముందు డాక్టర్‌కు చూపించండి. నిద్రలో కారుతుంటే దానికి తెలియకుండానే కారుతోందన్నమాట. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు. ఆడ కుక్కపిల్లల్లో కొన్నిసార్లు కిడ్నీ నుంచి వచ్చే నాళం మూత్రసంచిలోకి కాకుండా వేరేచోట తెరుచుకుని పుడుతుంది, అప్పుడూ ఇలాగే నిరంతరం కారుతుంది. మొదటిది మందులతో తగ్గుతుంది, రెండోది స్కానింగ్‌లో తేలితే ఆపరేషన్‌తో సరిచేయొచ్చు. పొద్దున మొదటిసారి పోసేటప్పుడు శుభ్రంగా కడిగి ఆరబెట్టిన చదునైన గిన్నె కిందికి జరిపి పట్టండి. చిన్న సీసాలో పోసి గంటలోపు ల్యాబ్‌కు చేర్చండి. ఆలస్యమయ్యేలా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టి తీసుకెళ్లండి. ఈలోగా పక్కగుడ్డ రోజూ మార్చి, తొడల లోపలి భాగం గోరువెచ్చని నీళ్లతో తుడిచి పొడిగా ఉంచండి, లేకపోతే చర్మం ఒరుసుకుపోతుంది.